హై ఎండ్ మ్యూజిక్ స్ట్రీమర్, మీ ఫోను, దాని యాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో ఖరీదైన స్ట్రీమర్, అంటే నెట్ నుంచీ హార్డ్‌డిస్క్ నుంచీ పాటలు తెచ్చి ఆంప్‌కి ఇచ్చే పెట్టె, కొనేవాళ్లకి ఒక చిక్కుంది. వస్తువుని ఎదురుగా పెట్టుకుని, మన ఫోనుతో నడిపి చూసి కొనే వీలు రాజమండ్రిలోనో భీమవరంలోనో దొరకడం అరుదు. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో పార్సిల్ వస్తుంది. అట్టపెట్టె విప్పి, తీగలన్నీ తగిలించాక తెలుస్తుంది, నాన్నగారి ఫోనులో ఆ యాప్ ఎక్కడం లేదని. డాక్ చిప్ (డిజిటల్ పాటని సౌండు సిగ్నల్‌గా మార్చే భాగం) గురించి నెలల తరబడి చదివినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు. అందుకని ఈ పేజీలో సౌండు నాణ్యత జోలికి పెద్దగా పోలేదు. ఫోనుకీ స్ట్రీమర్‌కీ పొత్తు కుదరడం గురించే చెప్పాం.

స్ట్రీమర్‌తో రిమోట్ వస్తుంది కదా, యాప్‌తో అంత పనేముంటుంది?

రిమోట్‌తో సౌండు పెంచొచ్చు, తగ్గించొచ్చు, తరవాతి పాటకి వెళ్లొచ్చు. అంతవరకే. వేల పాటల్లోంచి ఒకటి వెతకడం, వరస కట్టుకోవడం, ఇంటర్నెట్ రేడియో చేర్చడం, కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించడం, మొదటిరోజు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడం, అన్నీ యాప్‌లోనే. ముందు తెర లేని స్ట్రీమర్ అయితే యాప్ లేనినాడు అది ఉత్త రేకుడబ్బా.

ఫోను చేసే పని ఏమిటో తెలిస్తే సగం ప్రశ్నలు తీరిపోతాయి. కాలవ లాకుల దగ్గర చక్రం తిప్పే మనిషిని తలుచుకోండి. ఏ తలుపు ఎంత ఎత్తాలో అతను చూసుకుంటాడు, నీళ్లు మాత్రం కాలవలోనే పోతాయి. మంచి స్ట్రీమర్‌లోనూ అంతే. ఫలానా పాట పాడమని ఫోను చెబుతుంది, పాటని స్ట్రీమరే నేరుగా రౌటర్ ద్వారా తెచ్చుకుంటుంది. ఆ తరవాత ఫోను జేబులో వేసుకుని రేవు దాకా వెళ్లొచ్చినా పాట ఆగదు. బ్లూటూత్, యాపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే మాత్రం వేరు. వాటిలో పాట ఫోనులోంచే ప్రవహిస్తుంది.

అయితే ఖరీదైన ఫోను వాడితే సౌండు బాగుంటుందా?

పాటని స్ట్రీమరే తెచ్చుకుంటున్నంతవరకు బాగుండదు, పాడవదు. పదివేల ఫోనుకీ లక్ష రూపాయల ఫోనుకీ తేడా లేదు. వెతికేటప్పుడు బొమ్మలు గబగబా వస్తాయి, అంతే.

కొనేముందు ఇంట్లో కూర్చుని యాప్‌ని ఎలా పరీక్షించాలి?

స్ట్రీమర్ చేతిలో లేకపోయినా యాప్ ఉచితంగానే దిగుతుంది. అందుకే డబ్బు కట్టకముందే దింపి చూడండి. మీ ఫోనులోనే కాదు, ఇంట్లో పాటలు పెట్టే ప్రతివాళ్ల ఫోనులోనూ. ప్లే స్టోర్ ఒక ఫోనుకి యాప్‌ని ఇవ్వనంటే అక్కడే చెప్పేస్తుంది. ఆప్ స్టోర్‌లో అయితే యాప్ పేజీ కిందికి జరిపితే ఏ ఐఓఎస్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. దాన్ని ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోనుతో పోల్చండి. అన్నిటికన్నా కొత్త ఫోనుతో పోల్చుకోవడమే అందరూ చేసే పొరపాటు.

తరవాత రెండు తేదీలు చూడాలి. యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది, అంతకు ముందుది ఎప్పుడు. ఏడాదికి పైగా కదలిక లేకపోతే అనుమానించాల్సిందే. ఆండ్రాయిడ్‌కీ ఐఓఎస్‌కీ ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, వాటి నిబంధనలు మారుతుంటాయి. ముట్టుకోని యాప్ పనిచేస్తూనే ఉన్నట్టు కనబడి, ఒకరోజు కొత్త ఫోనులో ఎక్కడం మానేస్తుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32 బిట్ యాప్‌లన్నీ ఒక్కసారిగా మూతబడ్డాయి. 2022లో పిక్సెల్ 7 ఫోను కూడా 32 బిట్ యాప్‌లని వదిలేసింది. ఆండ్రాయిడ్ 6 కన్నా పాత వెర్షన్ల కోసం కట్టిన యాప్‌ని ఆండ్రాయిడ్ 14 ఎక్కించనివ్వదు.

స్టోర్‌లో అభిప్రాయాలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చదవండి. నక్షత్రాల సగటు ఎందుకూ పనికిరాదు. అయిదేళ్ల కిందటి పొగడ్తలు కూడా అందులో కలిసి ఉంటాయి. మీ ఫోను మోడల్ పేరు, 'స్ట్రీమర్ కనిపించడం లేదు' అన్న ఫిర్యాదు ఒకేచోట కనబడుతున్నాయా అని వెతకండి.

ఇంట్లో ఒకరిది ఐఫోను, మిగతావి ఆండ్రాయిడ్. ఏం జాగ్రత్త పడాలి?

రెండింటికీ యాప్ ఉండటం ఒక ఎత్తు, రెండింటిలోనూ ఒకేలా పనిచేయడం ఇంకో ఎత్తు. హై ఎండ్ కంపెనీల్లో కొన్ని ముందు ఐప్యాడ్ కోసం యాప్ చేసి, ఆండ్రాయిడ్‌ని తరవాత తీరిగ్గా తలపెట్టాయి. ఆరాలిక్ వాళ్ల లైట్నింగ్ డీఎస్ ఐఫోను, ఐప్యాడ్‌ల కోసం చేసినదే. పెట్టె ఎంత మంచిదైనా, ఆండ్రాయిడ్ తప్ప లేని ఇంట్లో అది ఇబ్బందే. బ్లూసౌండ్, వీమ్, కేంబ్రిడ్జ్ ఆడియో, నైమ్, లిన్, లూమిన్ కంపెనీల యాప్‌లు రెండు వైపులా ఉన్నాయి.

కంపెనీ యాప్ మీ ఫోనుకి లేకపోతే పక్కదారి ఒకటుంది. స్ట్రీమర్‌లో యూపీఎన్‌పీ, అంతకన్నా మేలు ఓపెన్‌హోమ్, ఉందేమో చూడండి, ఇవి వేరేవాళ్ల యాప్‌లతో కూడా స్ట్రీమర్‌ని నడపనిచ్చే ఉమ్మడి పద్ధతులు. ఉంటే ఆండ్రాయిడ్‌లో బబుల్ యూపీఎన్‌పీ, రెండు రకాల ఫోన్లలోనూ ఎమ్‌కనెక్ట్ లాంటి యాప్‌లతో మీ సొంత పాటలు పెట్టుకోవచ్చు. మొదటి అమరికా, ఫర్మ్‌వేర్ అప్‌డేటూ మాత్రం చాలా పెట్టెల్లో కంపెనీ యాప్‌తోనే అవుతాయి. వాటికోసం చుట్టాల ఐఫోను ఒకపూట అడిగి తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఎయిర్‌ప్లే, కాస్ట్, స్పాటిఫై కనెక్ట్, బ్లూటూత్. అన్నీ ఉన్నాయని రాశారు. తేడా ఏమిటి?

పెట్టె మీద వరసగా ముద్రించిన ఈ గుర్తులన్నీ ఒకే పని చేస్తాయనుకుంటే పొరపాటు. స్పాటిఫై కనెక్ట్‌లో, గూగుల్ కాస్ట్‌లో పాటని స్ట్రీమరే తెచ్చుకుంటుంది. ఫోను ఆపేసినా సాగుతుంది. ఎయిర్‌ప్లేలో పాట యాపిల్ ఫోనులోంచి వైఫై మీద వస్తుంది, ఇలాంటి స్ట్రీమర్లలో నాణ్యత సీడీ స్థాయి దాటదని లెక్క వేసుకోండి. అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. యాపిల్ మ్యూజిక్‌లో 24 బిట్ 192 దాకా పాటలున్నాయని మురిసిపోయి ఎయిర్‌ప్లే మీద వింటే ఆ పైస్థాయి దారిలోనే రాలిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎయిర్‌ప్లే ఉండదు. కాస్ట్ మాత్రం రెండు రకాల ఫోన్లలోనూ ఉంటుంది, ఆ పాటల యాప్‌లో కాస్ట్ బొమ్మ ఉండాలంతే.

కాస్ట్ చాలా స్ట్రీమర్లలో 24 బిట్ 96 దాకా పోతుంది. దానికో లోపం ఉంది. ఒక పాట అయి రెండోది మొదలయ్యేలోపు చిన్న ఖాళీ వస్తుంటుంది. సినిమా పాటలకి ఫరవాలేదు. హరికథ, పద్యనాటకం, కచేరీ రికార్డింగు ముక్కలుగా కోసి ఉంటే మాత్రం ఆలాపనకీ కృతికీ మధ్య ఊపిరి తెగినట్టుంటుంది. కచేరీలు వినేవాళ్లు 'గ్యాప్‌లెస్' పనిచేస్తుందా అని ఒక్కో పద్ధతికీ విడిగా అడగాలి. పెట్టెకి ఉంది అన్న జవాబు చాలదు.

బ్లూటూత్ ఇంటికొచ్చిన అతిథి కోసం. ఐఫోను అందులో ఏఏసీ అనే కుదింపు పద్ధతి మించి పంపదు, ఆండ్రాయిడ్‌లో అంతకన్నా మెరుగైన ఎల్‌డాక్ ఉన్నా స్ట్రీమర్ దాన్ని అందుకోగలగాలి.

టైడల్, కోబజ్ ఉన్నాయని స్ట్రీమర్‌ని తెగ పొగుడుతున్నారు. మాకు ఉపయోగమేనా?

నెట్ మీద మంచి నాణ్యతతో పాటలు వినిపించే ఆ రెండు సర్వీసులూ మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. ఇది విదేశీ సమీక్షల్లో ఎక్కడా కనబడని మాట, మన దగ్గర మాత్రం మొదట అడగాల్సిన మాట. ఎందుకంటే హై ఎండ్ యాప్‌లు చాలావాటిని ఆ రెండింటి చుట్టూనే అల్లారు. యాప్ తెరవగానే కనబడే అందమైన పేజీలన్నీ వాటివే. అవి తీసేస్తే మన చేతిలో మిగిలేది ఏమిటో చూసి కొనాలి.

మనవాళ్లు వినేది ఎక్కడెక్కడ ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. పాత తెలుగు పాటలూ కొత్త సినిమా పాటలూ స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్‌లలో దొరుకుతాయి. నాటకాలు, బుర్రకథలు, ఎవరో క్యాసెట్టు నుంచి ఎక్కించిన ప్రవచనాలు యూట్యూబ్‌లోనే ఎక్కువ. యూట్యూబ్ మ్యూజిక్ యాప్‌లో వినేవాళ్లకి కాస్ట్ ఉన్న స్ట్రీమర్ మేలు. యూట్యూబ్ మ్యూజిక్ నాణ్యత 256 కేబీపీఎస్ మించదు, అది స్ట్రీమర్ తప్పు కాదు. స్పాటిఫై 2025 సెప్టెంబరు నుంచి 24 బిట్ 44.1 దాకా లాస్‌లెస్ (నాణ్యత తగ్గకుండా కుదించిన పాట) ఇవ్వడం మొదలుపెట్టింది. మీరు కట్టే ప్లాన్‌లో ఆ మాట ఉందో లేదో, మీ స్ట్రీమర్ కనెక్ట్‌లో దాన్ని అందుకుంటుందో లేదో రెండూ చూడాలి.

యాపిల్ మ్యూజిక్‌ని పూర్తి నాణ్యతతో వినాలని పట్టుదల ఉంటే దారి ఇరుకు. ఎవర్సోలో, హైఫై రోజ్ లాంటి పెట్టెల లోపల ఆండ్రాయిడే ఉంటుంది, పాటల యాప్‌లు పెట్టెలోకే ఎక్కుతాయి, ఎదురుగా తాకే తెర ఉంటుంది. ఫోను గొడవ చాలా మటుకు తగ్గుతుంది. లోపలి ఆండ్రాయిడ్‌కి కూడా వయసు వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

రూన్ పెట్టుకుంటే ఈ యాప్‌ల బాధ పోతుందా?

రూన్ అంటే పాటలని వెతికి, వరస కట్టి, స్ట్రీమర్లకి పంపే విడి సాఫ్ట్‌వేర్. బాధ చాలావరకు పోతుంది, ఖర్చు తోడవుతుంది. రూన్ సర్వర్‌కి ఎప్పుడూ వెలుగుతూ ఉండే కంప్యూటర్ ఒకటి కావాలి, చందా కట్టాలి. 'రూన్ రెడీ' అని ధ్రువీకరించిన స్ట్రీమర్‌ని ఏ కంపెనీదైనా ఒకే యాప్‌తో నడపొచ్చు, ఐఫోనులోనూ ఆండ్రాయిడ్‌లోనూ. అది కలుపుకునే సర్వీసుల్లో ముఖ్యమైనవి మళ్లీ టైడల్, కోబజ్‌లే కాబట్టి మన దగ్గర రూన్ ప్రధానంగా సొంత ఫైళ్లు ఉన్నవాళ్లకే. సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవాళ్లకి బాగుంటుంది. స్పాటిఫై మాత్రమే వినేవాళ్లకి దండగ. ఊరెళ్లినప్పుడు ఇంటి పాటలు వినే రూన్ ఆర్క్ కొన్ని ఫైబర్ కనెక్షన్ల మీద నేరుగా పనిచేయదు. కారణం, నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (నెట్‌వర్క్‌లో చిరునామాగా పనికొచ్చే నంబరు) ఎందరికో పంచడం. టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ అమర్చుకుంటే దాటొచ్చు.

యాప్‌లో తెలుగు పేర్లు చతురస్రాలుగా కనబడుతున్నాయి. ఎందుకు?

తెలుగు పేర్లకి వచ్చే జబ్బులు మూడు రకాలు.

ఫోను తెర మీద తెలుగు సరిగ్గా ఉండి, స్ట్రీమర్ ముందు తెర మీద మాత్రం ఖాళీ పెట్టెలు వస్తుంటే స్ట్రీమర్‌లో తెలుగు ఫాంటు లేదు. దానికి మన చేతిలో మందు లేదు. ఫాంటు ఉండి కూడా ఒత్తులు పక్కకి జరిగి 'క్ష', 'స్త్రీ' విడిపోయి కనబడితే అక్షరాలని కలిపే సాఫ్ట్‌వేర్ లేదన్నమాట. కొనేముందు అమ్మేవాళ్లకి తెలుగు పేరున్న ఒక ఫైలు పంపి, పెట్టె తెర ఫొటో తీసి పంపమనండి.

ఫోనులో కూడా ప్రశ్నార్థకాలూ పిచ్చి గీతలూ వస్తుంటే తప్పు ఫైలు ట్యాగులో, అంటే పాట పేరూ గాయకుడి పేరూ రాసి ఉండే చోట, ఉంది. ఎమ్‌పీ3 ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్ 16 ఎంచుకుని మళ్లీ రాస్తే సాధారణంగా కుదురుతుంది. వేవ్ ఫైళ్లలో ట్యాగులు ఒక్కో యాప్ ఒక్కోలా చదువుతుంది కాబట్టి వాటిని ఫ్లాక్‌గా మార్చేయండి, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. పేర్లని డీటీపీ సెంటర్ అను ఫాంట్లలో కొట్టించి ఉంటే అవి యూనికోడ్ కావు. ఏ యాప్‌లోనూ చదవలేం, మళ్లీ టైపు చేయడమే.

మూడోది, పేర్లు బాగానే ఉండి వెతికితే దొరక్కపోవడం. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ ఒక్కరే, ఫైళ్లలో మాత్రం 'ఎం. బాలమురళీకృష్ణ', 'డాక్టర్ బాలమురళి', 'బాలమురళీ కృష్ణ' అని ముగ్గురై కూర్చుంటారు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసినవి కలిపితే అయిదుగురు. ఏదో ఒక వరస ఎంచుకుని అన్ని ఫైళ్లకీ అదే పెట్టండి. స్ట్రీమర్ తెరకి తెలుగు రాకపోతే ఇంగ్లిషు అక్షరాలే నయం, తప్పేమీ లేదు.

సినిమా పాటలకి ఇంకో మెలిక. ఘంటసాల పాడినవి, సుశీల పాడినవి, ఇద్దరూ కలిసి పాడినవి ఒకే సినిమాలో ఉంటాయి. 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే ట్యాగు ఖాళీగా ఉంటే కొన్ని యాప్‌లు ఆ సినిమాని మూడు ఆల్బమ్‌లుగా చీల్చేస్తాయి. ఆ ట్యాగులో అన్ని పాటలకీ ఒకే పేరు పెట్టండి. సంగీత దర్శకుడి పేరు 'కంపోజర్' ట్యాగులో వేయండి. ఆపైన మీరు కొనబోయే యాప్‌లో కంపోజర్ వారీగా చూసే వీలుందా అని అడగండి. పెండ్యాల పాటలన్నీ ఒకచోట కావాలనుకునేవాళ్లకి అది లేని యాప్ గిట్టదు.

అంతా పెట్టాం. యాప్ స్ట్రీమర్‌ని కనిపెట్టడం లేదు. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. స్ట్రీమర్ చెడిపోవడం ఇందులో చాలా అరుదు. కింది వరసలోనే పోండి, దూకొద్దు.

1. ఫోనులో మొబైల్ డేటా ఆపేయండి. వైఫైలో నెట్ మందగించగానే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు చెప్పకుండా సిమ్ డేటాకి మారతాయి. అప్పుడు ఫోను ఇంటి నెట్‌వర్క్‌లో లేనట్టే. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి.

2. అనుమతులు చూడండి. ఐఫోనులో సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్. అక్కడ ఆ యాప్ ఎదురుగా స్విచ్ వేసి ఉండాలి. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన ఈ అనుమతిని మొదటిరోజు తొందరలో వద్దని నొక్కేసినవాళ్లు ఎందరో. ఆండ్రాయిడ్‌లో 'నియర్‌బై డివైసెస్' అనుమతి ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 12, అంతకన్నా పాతవాటిలో లొకేషన్ కూడా వేసి ఉండాలి. పాటలకి మనం ఎక్కడున్నామో ఎందుకని అనుమానం రావడం సహజమే. చుట్టుపక్కల వైఫైలు వెతకడానికి ఆండ్రాయిడ్ పెట్టిన నియమం అది.

3. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? ఫోను వైఫై వివరాల్లో ఐపీ చూడండి. జియో రౌటర్ అయితే మామూలుగా 192.168.29 తో మొదలవుతుంది. స్ట్రీమర్ ఐపీ 192.168.0 తో మొదలైతే అది రెండో రౌటర్ వెనక ఉంది. మేడ మీదకి సిగ్నల్ కోసం నెట్ అతను ఇంకో రౌటర్ తగిలించి వెళ్లిన ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఆ రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే, దాని సొంత ఐపీని మొదటి రౌటర్ వరసలోనే వాడకంలో లేని నంబరుకి మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచే పని) ఆపి, తీగని వ్యాన్ రంధ్రంలోంచి తీసి ల్యాన్ రంధ్రంలో గుచ్చండి.

4. స్ట్రీమర్ గెస్ట్ వైఫైలో ఉంటే మార్చండి. గెస్ట్‌లో ఒక పరికరం ఇంకోదానికి కనబడకుండా గోడ కట్టి ఉంటుంది. కొన్ని రౌటర్లలో అసలు నెట్‌వర్క్‌కే 'ఏపీ ఐసొలేషన్' వేసి ఉంటుంది, అది తీసేయాలి.

5. ఇంకా కనబడకపోతే మల్టీకాస్ట్, అంటే నెట్‌వర్క్‌లో ఒకేసారి అనేక పరికరాలకి వేసే కేక. యాప్ స్ట్రీమర్‌ని పిలిచే కేక 224.0.0.251, 239.255.255.250 అనే చిరునామాల మీద పోతుంది. రౌటర్‌లో ఐజీఎమ్‌పీ స్నూపింగ్ అనే సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఆ కేక మధ్యలోనే ఆగుతుంది. ఆ సెట్టింగ్ వేసి ఉంటే తీసి, తీసి ఉంటే వేసి చూడండి. కొన్ని నిమిషాలు బాగా కనబడి తరవాత మాయమవుతుంటే దోషం నూటికి తొంభై పాళ్లు ఇక్కడే.

మొదటి అమరికలోనే ఆగిపోతే కథ వేరు. కొన్ని స్ట్రీమర్లకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఫోను 5లో ఉంటే అమరిక సాగదు. రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత పెట్టెలు చేరలేవు, డబ్ల్యూపీఏ2కి మార్చండి. అన్నిటికన్నా సులువు, మొదటిసారి ల్యాన్ తీగ గుచ్చి అమర్చడం.

ఒక పాట అయ్యాక రెండోది రావడం లేదు. ఫోను తెర వెలిగిస్తే వస్తోంది.

పాటల వరస స్ట్రీమర్‌లో కాక ఫోనులో ఉందన్నమాట. మామూలు యూపీఎన్‌పీలో ఒక పాట పూర్తయ్యాక తరవాతిది పెట్టమని ఫోనే చెప్పాలి. ఈలోపు బ్యాటరీ పొదుపు పేరుతో ఫోను ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది. షావోమీ, ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో ఇది ఎక్కువ. యాప్ సమాచారంలోకి వెళ్లి బ్యాటరీ దగ్గర 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టి, ఆటోస్టార్ట్ వేయండి. ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలో దానికి తాళం బొమ్మ నొక్కి పెట్టండి.

శాశ్వతంగా తీరాలంటే ఓపెన్‌హోమ్ ఉన్న స్ట్రీమర్ తీసుకోవాలి, దానిలో వరస పెట్టెలోనే ఉంటుంది. ఉన్న స్ట్రీమర్‌లో అది లేకపోతే బబుల్ యూపీఎన్‌పీ సర్వర్‌ని ఎప్పుడూ వెలిగే కంప్యూటర్ మీద నడిపి ఆ గుణాన్ని తగిలించుకోవచ్చు.

మండువా ఇల్లు మాది. వీధి గదిలో రౌటర్, వెనక సావిట్లో స్ట్రీమర్. వైఫై చాలుతుందా?

సున్నం కట్టిన మందపాటి గోడ ఒకటి దాటగానే 5 గిగాహెర్ట్జ్ నీరసపడుతుంది, రెండు దాటితే ఆశ వదులుకోవచ్చు. 2.4 ఇంకాస్త దూరం పోతుంది. మధ్యలో ఇనుప బీరువా, రేకుల కప్పు ఉంటే ఏదీ పోదు. నెట్ ప్లాన్ పెంచడం దీనికి మందు కాదు. 24 బిట్ 192 పాటని కుదించకుండా పంపినా సెకనుకి దాదాపు 9.2 మెగాబిట్లు, సీడీ నాణ్యతకి 1.4. ముప్పై మెగాబిట్ల ప్లాన్‌కి అది లెక్కలోది కాదు. తెగుతున్నది వీధిలోంచి వచ్చే నెట్ కాదు, ఇంట్లో నడిచే వైఫై.

క్యాట్ 6 తీగ లాగించండి. వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. ఫోను వైఫైలో ఉన్నా స్ట్రీమర్ తీగ మీద ఉన్నా, రౌటర్ ఒకటే అయితే యాప్‌కి తేడా లేదు. ఆరుబయట, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మాత్రం రాగి ల్యాన్ తీగ లాగొద్దు. పిడుగు పడితే ఆ తీగే దారి. అక్కడ ఫైబర్ వేయించుకోవాలి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ యాప్‌లో స్ట్రీమర్ పోతోంది.

కరెంటు రాగానే రౌటర్, స్ట్రీమర్ ఒకేసారి లేస్తాయి. రౌటర్ తయారయ్యేసరికి స్ట్రీమర్ ఐపీ అడిగి, జవాబు రాక, 169.254 తో మొదలయ్యే నంబరు తనకి తానే పెట్టుకుని కూర్చుంటుంది. స్ట్రీమర్‌ని వెనక స్విచ్ దగ్గర ఆపి, రౌటర్ దీపాలు నిలకడగా వెలిగాక వేస్తే సరి. రిమోట్‌తో ఆపితే చాలదు, అది స్టాండ్‌బైయే. రౌటర్ సెట్టింగ్స్‌లో స్ట్రీమర్‌కి ఒక ఐపీ కేటాయించి పెడితే నంబరు మారి యాప్ తడబడటం కూడా తగ్గుతుంది.

పూర్తి మందు రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసి దానికి సరిపడేది కొనండి, చాలావాటికి 12 వోల్టులే. తుపాను రోజుల్లో బయట ఫైబర్ తెగి నెట్ పోయినా, రౌటర్ వెలుగుతున్నంతసేపు హార్డ్‌డిస్క్‌లోని సొంత పాటలు చాలా స్ట్రీమర్లలో పాడతాయి. కొన్ని యాప్‌లు మాత్రం నెట్ లేకపోతే లాగిన్ దగ్గరే మొండికేస్తాయి. కొన్న వారంలోనే రౌటర్‌కి ఫైబర్ తీగ ఒక్కటి ఊడదీసి, మీది ఏ రకమో తేల్చుకోండి. ఉరుముల వేళ ప్లగ్గులు పీకేయడం మరవద్దు.

రేపు కంపెనీ యాప్ ఆపేస్తే పెట్టె ఏమవుతుంది?

ఊహకోసం అడిగే ప్రశ్న కాదిది, జరిగినవే ఉన్నాయి. లాజిటెక్ వాళ్లు స్క్వీజ్‌బాక్స్ అనే స్ట్రీమర్ల తయారీ 2012లో ఆపారు, దానికి ఆసరాగా ఉన్న వెబ్ సర్వీసుని 2024లో మూసేశారు. అయినా ఆ పెట్టెలు ఇప్పటికీ పాడుతున్నాయి, ఎందుకంటే దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంది, లిరియన్ పేరుతో ఔత్సాహికులు నడుపుతున్నారు. సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ 2020లో పాత పరికరాలని ఒక యాప్‌కీ కొత్తవాటిని ఇంకో యాప్‌కీ విడదీసింది. 2024 మే నెలలో యాప్‌ని మొత్తం తిరగరాసి విడుదల చేస్తే అలారం లాంటి పాత సౌకర్యాలు కొన్ని కనబడకుండా పోయి వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. 2025 మార్చిలో గూగుల్ కాస్ట్ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒకేరోజు మొరాయించాయి, లోపల పెట్టిన డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడం వల్ల. తరవాత గూగుల్ సరిచేసింది.

అందుకే మా మాట ఒకటే. కంపెనీ యాప్ తప్ప ఇంకో తలుపు లేని పెట్టె ఎంత తియ్యగా పాడినా కొనొద్దు. ఓపెన్‌హోమ్ లేదా యూపీఎన్‌పీ, ఎయిర్‌ప్లే, కాస్ట్, రూన్ రెడీ, బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీ, వీటిలో కనీసం రెండు ఉండాలి. ఇంకో జాగ్రత్త, డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న స్ట్రీమర్ తీసుకుంటే యాప్ చచ్చిన రోజున దాన్ని డాక్‌గా వాడుకుని, ముందు ఒక చవక స్ట్రీమర్ తగిలించుకోవచ్చు. ఖరీదైన భాగం వృథా పోదు.

పాత ఫోన్ని రిమోట్‌గా ఉంచేసుకోవచ్చా?

భేషుగ్గా. సిమ్ తీసి, వైఫై మాత్రం ఉంచండి. రాత్రీ పగలూ చార్జింగులో వదిలేస్తే మన వేసవి వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది, రోజుకో గంట పెడితే చాలు. పనిచేస్తున్న యాప్‌కి ఆటో అప్‌డేట్ ఆపేయండి. స్ట్రీమర్ ఫర్మ్‌వేర్ కొత్తదై యాప్ పాతదైతే పొసగని రోజు వస్తుంది, అప్పుడు రెండూ కలిపి చూసుకోవాలి.

ఫోను సౌండు బటన్ తగిలి స్పీకర్లు అదిరిపోయాయి. ఎలా ఆపాలి?

యాప్‌లో గరిష్ఠ వాల్యూమ్ పరిమితి ఉందేమో చూసి అరవై శాతం దగ్గర కట్టేయండి. స్ట్రీమర్ ఆంప్లిఫయర్‌కి వెళ్తుంటే 'ఫిక్స్‌డ్ అవుట్‌పుట్' (స్ట్రీమర్ ఎప్పుడూ పూర్తి సౌండు పంపే అమరిక) పెట్టి సౌండు ఆంప్‌లోనే తిప్పుకోవచ్చు. స్ట్రీమర్‌ని నేరుగా, సౌండు తిప్పే మీట లేని పవర్ ఆంప్‌కి కలిపి ఉంటే ఆ సెట్టింగ్ ముట్టుకోవద్దు. పూర్తి సౌండు ఒక్కసారిగా వెళ్లి ట్వీటర్లు కాలిపోతాయి.

అమెరికా నుంచి వస్తున్న మా అబ్బాయి చేత తెప్పించుకోవచ్చా?

వెనక 110 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230కి తగిలించగానే అయిపోతుంది. ముందు అది చూడమనండి. ఆ కంపెనీ యాప్ మన దేశపు ప్లే స్టోర్‌లో, ఆప్ స్టోర్‌లో కనబడుతోందా అన్నది రెండోది. అబ్బాయి ఫోనులో ఉంది కదా అంటే చాలదు, అతని అకౌంటు అక్కడిది. వారంటీ చాలా కంపెనీలకి కొన్న దేశంలోనే.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నాం. యాప్ విషయంలో ఏం చూడాలి?

అమ్మేవాళ్ల ఇంట్లోనే, మీ ఫోనులో యాప్ దింపి, వాళ్ల వైఫైలో చేరి నడపండి. వాళ్ల ఫోనులో చూపించింది లెక్కలోకి రాదు. వాళ్ల స్పాటిఫై, గూగుల్ అకౌంట్లు తీయించి, కంపెనీ సైటులో పరికరం వాళ్ల పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే అక్కడా తీయించండి. తరవాత మీ ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మొదటి అమరిక మీ చేత్తో మొదలుపెట్టండి. యాప్ 'ఈ పరికరం ఇంకొకరిది' అంటే అక్కడే తేలాలి. పెట్టె లంక దాటి ఇంటికొచ్చాక ఫోను ఎత్తేవాళ్లు ఉండరు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా అక్కడే నొక్కి చూడండి. సర్వర్‌ని అందుకుంటే మంచిదే, 'అప్‌డేట్ సర్వర్ దొరకలేదు' అని పదేపదే వస్తే ఆ మోడల్‌ని కంపెనీ వదిలేసి ఉండొచ్చు, ధర ఆ లెక్కన బేరమాడండి.